గోడ అవతలి ఊరు

జీవన్ ఊపిరి మెడ మీద పడుతోంది. కుర్చీ వెనక ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, మోకాళ్లు ముందుకు జరిపి, గడ్డం దాదాపు శాంసన్ భుజానికి ఆనించి కూర్చున్నాడు. ప్రతి ఆదివారం ఇంతే. అమ్మ చర్చి నుంచి వచ్చి, తెల్లచీర మార్చుకుని, వంటింట్లో అల్లం వెల్లుల్లి దంచే వేళకు గేటు కిర్రుమంటుంది. "అమ్మా, ఉన్నడా మావోడు?" అని కేక వినబడుతుంది. ఉన్నాడు, ఎక్కడికి పోతాడు. డాక్టరు ఇంట్లో ఉండమన్నాడు, ఆఫీసు ఇంట్లో ఉండమంది. కంప్యూటర్ తెర మీద ఆటలోని సిపాయి రెండో ద్వారం దాటి మెట్లెక్కుతున్నాడు. రాతిమెట్లు, పక్కన దివిటీలు, దివిటీల కింద ఊగే నీడలు. ఒకప్పుడు ఆ నీడల కోసమే ఆ మెట్ల మీద ఊరికే నిలబడేవాడు. ఇప్పుడు నీడ గోడ మూలలో విరిగిపోయే చోటు మాత్రమే కనబడుతోంది. విరుగుతోంది. ఆరు నెలల కింద ఆఫీసులో తనే ఆ తప్పు రాసి పంపాడు, ఎవరూ బాగు చేయలేదు.

"మెల్లగ మామా. మీద బురుజుల ఒకడున్నడు," అన్నాడు జీవన్.

ఉన్నాడు. ఉంటాడు. సిపాయి మూడో దివిటీ దాటగానే వాడు ఎడమకు వంగుతాడు, విల్లు ఎత్తుతాడు, ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఆగడం భయమని జీవన్ అనుకుంటాడు. భయం కాదు, కొత్తగా ఆడేవాళ్లు తప్పించుకోవడానికి ఆటను తయారుచేసిన వాళ్లు వదిలిన సందు. శాంసన్ చూడకుండానే పక్కకు జరిగాడు, బాణం రాతికి తగిలింది, కత్తి విసిరాడు, వాడు పడ్డాడు. "అబ్బ! ఏం కొట్టినవ్ రా!" జీవన్ తొడ చరుచుకున్నాడు. కుడిచేత్తో. ఎడమచెయ్యి ఎప్పటిలాగే ప్యాంటు జేబులో ఉంది. శాంసన్‌కు ఆ మెప్పు ఈగలా అనిపించింది. పోదు, తోలినా మళ్లీ వచ్చి అక్కడే వాలుతుంది.

ఆటకు ఇంగ్లీషులో పెద్ద పేరేదో ఉంది. నాచారంలో అందరూ కోట అనేవాళ్లు. "కోట ఎక్కుదాం రా" అంటే నెట్ సెంటర్‌కు రమ్మని. చౌరస్తా వెనక సందులో, మసాలా ఫ్యాక్టరీ ఘాటుకు కళ్లు మండే చోట, ప్లైవుడ్ అరలు కొట్టిన గది. అందులో జీవన్ రాజు. వాళ్ల నాయిన ఉప్పలయ్య ఆలేరు అవతలి నుంచి ఇండస్ట్రియల్ ఏరియాకు కూలికి వచ్చినప్పుడు జీవన్‌కు ఏడేళ్లేమో, శాంసన్ పక్కబెంచీ. ఇంటర్‌కు వచ్చేసరికి ఒకడు పుస్తకాలు మోస్తున్నాడు, ఇంకొకడు ఫెయిలై తిరుగుతున్నాడు. కానీ సాయంత్రం ఆ అరలో కూర్చుంటే లెక్క తిరగబడేది. చర్చిలో హార్మోనియం మీద పాస్టరు వేళ్లు ఆడినట్టు జీవన్ ఎడమచేతి వేళ్లు కీబోర్డు మీద ఆడేవి. చూసుకోడు, తడుముకోడు. పక్క అరల్లో వాళ్లు లేచొచ్చి వెనక నిలబడేవాళ్లు. శాంసన్‌కు ద్వారం తరవాత ద్వారం నేర్పింది వాడే. "బెదరకు, వాడు నీకంటె ఎక్కువ బెదిరిండు" అని చెవిలో చెబుతూ నేర్పాడు. ఏడో ద్వారం మొదటిసారి తెరుచుకున్నప్పుడు ఇద్దరూ తెర దగ్గరికి మొహాలు జరిపారు. ద్వారం తెరుచుకుంటే ఆట అయిపోతుంది. అయిపోయే ముందు కొండ కింద ఒక ఊరు కనబడుతుంది. దీపాలు, పెంకుటిళ్లు, ఏటి మీద వంతెన, ఒక ఇంటి పొయ్యి నుంచి లేచే పొగ. సిపాయి అక్కడ నిలబడి చూస్తాడు, అంతే. ముందుకు పోనివ్వదు.

"ఆ మూలమీది ఇల్లు మనది," అనేవాడు జీవన్. "కింద నువ్వు, మీద నేను." బస్సులో నారపల్లి దాటుతుంటే పొలాల్లో తెల్లరాళ్లు పాతిన ప్లాట్లు చూపించి నవ్వేవాడు. "గివన్ని ఎవలయో గని, గా ఊరు మాత్రం మనదే మామా." గెలిచిన ప్రతిసారీ అక్కడ ఆపమనేవాడు. జర ఆగు, సూడనియ్యి. రోజూ ఏదో ఒకటి కొత్తగా కనబడేది వాడికి. వంతెన మీద మనిషి ఉన్నాడనేవాడు, ఆ పొగ ఇవాళ పక్కకు పోతోందనేవాడు.

మూడో ద్వారం. ఏనుగు. పక్కింటి టీవీలో క్రికెట్ మ్యాచ్ మోగుతోంది, ఆట ఉప్పల్ స్టేడియంలోనే, జనం ఓ అని అరుస్తున్నారు. ఇంతమంది ఒకేసారి ఎలా అరవగలుగుతారు, దేనికైనా. తను చివరిసారి ఎప్పుడు అరిచాడు. ఉద్యోగం వచ్చిన రోజు. తను కాదు, జీవన్ అరిచాడు. ఉప్పల్‌లో అద్దాల భవనం, నాలుగో అంతస్తు, కోట కొత్త భాగాన్ని విడుదలకు ముందు ఆడి తప్పులు పట్టే పని. డిగ్రీ కావాలన్నారు. జీవన్‌కు లేదు. గేటు దాకా వచ్చి చెట్టు కింద నిలబడ్డాడు, శాంసన్ కాగితం పట్టుకుని దిగి వస్తే ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. "ఆడుకుంటే జీతమిస్తరా! ఎవలకన్న చెప్తె నమ్ముతరా!" అని ఉప్పల్ చౌరస్తా అంతా వినబడేలా అరిచాడు. ఆ కళ్లలో ఈర్ష్య కోసం శాంసన్ వెతికాడు. దొరకలేదు. దొరికి ఉంటే బాగుండేది, ఇవాళ వీణ్ని భరించడం ఇంత కష్టమయ్యేది కాదు.

ఆడటం కాదది. గోడ వెంట నడవడం. సిపాయి భుజాన్ని గోడకు ఆనించి కోట చుట్టూ, రాయి రాయికీ తగులుతూ నడవాలి, ఎక్కడైనా రాయి మనిషిని లోపలికి మింగుతుందేమో చూడాలి. మింగితే ఫలానా చోట తప్పుందని రాయాలి. రాశాక వాళ్లు బాగుచేస్తారు, బాగుచేశాక మళ్లీ నడవాలి, ఎందుకంటే ఒకటి బాగుచేస్తే ఇంకెక్కడో తెరుచుకుంటుంది. ఒక ద్వారాన్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెరిచి మూసి తెరిచి మూసి. చచ్చి చూడాలి, నీళ్లలో చచ్చి, నిప్పులో చచ్చి, కత్తి చేతిలో ఉండగా చచ్చి, లేకుండా చచ్చి. మొదటి ఏడాది నవ్వుకుంటూ చచ్చాడు. రెండో ఏడాది విడుదల వెనక్కి పోయింది, ఆదివారాలు పోయాయి, ఉద్యమం బందులకు బస్సులు లేని రోజున కూడా నాచారం నుంచి నడిచి వెళ్లి చచ్చాడు. మూడో ఏడాది ఒక రోజు ఉప్పల్‌లో, మెట్రో కోసం లేపుతున్న స్తంభం దగ్గర, భుజం ఆ కాంక్రీటుకు ఆనించి చుట్టూ తిరుగుతున్నానని ఎవరో చెయ్యి పట్టుకుని లాగితే తెలిసింది. ట్రాఫిక్ కానిస్టేబులు. "ఏంది తమ్మి, తాగినవా?" చొక్కా భుజం దగ్గర చిరిగి రక్తం వచ్చింది. నొప్పి లేదు. సందు దొరకలేదన్న విసుగు మాత్రం ఉంది.

టీం లీడ్ హిమజ అద్దాల గదిలోకి పిలిచి తలుపు మూసింది. మంచిగానే మాట్లాడింది. "దీన్ని బర్నౌట్ అంటరు శాంసన్, పనిల మనసు అరిగిపోవుడు. నీ తప్పేం గాదు. కొన్ని రోజులు ఇంట్ల ఉండు." తరవాత, అంతే మెత్తగా, "నువ్విట్ల ఉంటే మిగిలినోళ్లు గూడ చూస్తరు గదా, విడుదల టైముల బాగుండదు," అంది. అతను బయటికి వచ్చేసరికి అతని సీట్లో కొత్తపిల్లవాడు కుర్చీ ఎత్తు సరిచేసుకుంటున్నాడు. డాక్టర్ విశ్వనాథం నాడి చూశాడు, నాలుక చూశాడు. "నిద్ర పోవాలె. మనసుకు నచ్చిన పని ఏదన్న చెయ్యాలె నాయనా. నీకేం ఇష్టం?" అన్నాడు. శాంసన్ చెప్పాడు. "ఇంకేం మరి! హాయిగ ఆడుకో!" అని ఆ పెద్దమనిషి సంతోషంగా వీపు తట్టాడు.

నాలుగో ద్వారం దాటింది. అయిదోది. జీవన్ మాట్లాడుతూనే ఉన్నాడు, వాడికి ఇంటి దగ్గర మాట్లాడే మనిషి లేడు, వారమంతా గోడౌన్ గేటు దగ్గర కుర్చీలో కూర్చుంటాడు, వారమంతా దాచుకున్నది ఇక్కడ పోస్తాడు. "వాని కాళ్లు సూడు, అలసిపోయిండు పాపం. జర మనోనికి నీళ్లు తాపియ్ మామా." సిపాయిని బావి దగ్గరికి తీసుకుపోయి తాగించాడు. తాగితే ఏమీ కాదు, ఊరికే వంగి లేస్తాడు. జీవన్ తృప్తిగా నిట్టూర్చాడు. ఎందుకింత ఇష్టం వీడికి. ఇష్టం అరగదా. అరిగిపోయే చోటు వీడిలో లేదా. తనకు ఈ కోటలో ఒక్క రాయి మీద కూడా ప్రేమ మిగల్లేదు, రాతిని చూస్తే రాతి అంచులు కనబడతాయి, ఏనుగును చూస్తే ఏనుగు నడక ఎక్కడ మళ్లీ మొదలవుతుందో కనబడుతుంది. అమ్మ మొహం కూడా మొన్న అలాగే కనబడింది, నవ్వు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో. వీడు మాత్రం వచ్చి ఈ శవం ముందు కూర్చుని దాని జుట్టు దువ్వుతున్నాడు.

ప్రెస్ మిషన్ జీవన్ వేళ్లు తీసుకున్న రోజు దవాఖానాకు శాంసన్ మెడలో ఆఫీసు కార్డుతోనే పరిగెత్తాడు. జీవన్ అప్పుడు పనిచేసింది డబ్బాలకు మూతలు కొట్టే చిన్న షెడ్డులో, మిషను మీది అడ్డుకంచె తీసేశారట, పని తొందరగా సాగుతుందని. ఎడమచేతికి కుండంత కట్టు. జీవన్ మత్తులో కళ్లు తెరిచి, శాంసన్‌ను చూసి, నాలుక తడుపుకుని, మొదట అన్న మాట ఇది. "ముందుకు నడిచే వేలు పొయింది మామా. పక్కకు తిరిగేది గూడ." వాళ్లమ్మ దుర్గమ్మకు అర్థం కాలేదు, కాళ్లకేమైందని దుప్పటి ఎత్తి చూసింది. శాంసన్‌కు అర్థమైంది. నడవాలోకి వచ్చి గోడకు తల ఆనించి ఏడ్చాడు. ఆ ఏడుపు నిజం. అప్పుడు రాయి ఇంకా రాయిలాగే ఉండేది. "నీ బదులు నేనాడుత, నువ్వు సూడు" అని వాడి మంచం పక్కన మాటిచ్చింది కూడా తనే. ఆ మాట పట్టుకునే ఆదివారం తరవాత ఆదివారం గేటు కిర్రుమంటోంది.

ఆరు. ఆరో ద్వారం దగ్గర జీవన్ లేచి నిలబడ్డాడు, ఎప్పుడూ అక్కడ నిలబడతాడు, కూర్చుని చూడలేడు. వంటింట్లో నుంచి కోడికూర వాసన వస్తోంది. జీవన్ పొట్ట కుర్చీ వెనకభాగాన్ని నెడుతోంది, సిపాయి కొడితే ఇటు, తప్పుకుంటే అటు. ఏడో ద్వారం కాపలావాడు మోకాళ్ల మీద పడ్డాడు. తలుపులు కదిలాయి. ఆ సంగీతం వచ్చింది. ఆఫీసులో చెవులు మూసుకుంటే వినబడే సంగీతం, పళ్లు తోముకుంటుంటే వినబడే సంగీతం. తలుపుల మధ్య నుంచి వెలుతురు, వెలుతురులో కొండ కింద ఊరు.

"ఆగు," అన్నాడు జీవన్ గొంతు తగ్గించి. "జర ఆగు మామా. సూడనియ్యి."

శాంసన్ ఆగాడు. కోపం వస్తుందనుకున్నాడు, రాలేదు. లోపల చల్లగా, శుభ్రంగా ఉంది. ఒక తప్పును పట్టుకుని రాయబోయే ముందు ఉండే నెమ్మది అది. చాలా కాలం తరవాత ఒక పని చేయాలనిపించింది.

"నీకొకటి సూపిస్త," అన్నాడు.

"ఏంది?"

"ఆ ఊరికి పోదాం."

జీవన్ ఊపిరి ఆగిపోయింది. "పోవచ్చా? తొవ్వ దొరికిందా? నువ్వే కనుక్కున్నవా?" చిన్నప్పటి గొంతు. చెయ్యి జేబులోంచి బయటికి వచ్చేసింది, రెండు మొండివేళ్ల చెయ్యి, అది శాంసన్ భుజాన్ని పట్టుకుంది. ఆ నిమిషంలో ఆపేయొచ్చు. ఆపేయొచ్చని శాంసన్‌కు తెలుసు. సిపాయిని వెనక్కి తిప్పి, పడమటి గోడ దగ్గరికి తీసుకుపోయి, గోడకు వీపు పెట్టించి, రెండు రాళ్లు కలిసే చోట కొంచెం వాలుగా నిలబెట్టి ఎగిరించాడు. సిపాయి గోడలోకి మునిగిపోయాడు. సంగీతం ఆగిపోయింది. అవతల ఏమీ లేదు. బూడిదరంగు. నేల లేదు, సిపాయి నడుస్తుంటే అడుగుల చప్పుడు లేదు. అటు తిప్పి వెనక్కి చూపించాడు. కోట లోపలి నుంచి చూస్తే గోడ, ఇక్కడి నుంచి చూస్తే గోడే లేదు, గాలిలో వేలాడే దివిటీలు, వీపులు లేని మనుషులు.

"ఇదేంది," అన్నాడు జీవన్.

"నడువు, సూడు." బూడిదలో నడిపించుకుంటూ పోయాడు. ఊరు వచ్చింది. ఊరు ఒక పలక. గోడకు తగిలించిన క్యాలెండర్ బొమ్మలాంటిది, నిలబెట్టిన పలక, పక్కకు వెళితే గీతలా సన్నబడి మాయమైంది. దాని వెనక్కి తీసుకుపోయాడు. వెనక ఏ రంగూ లేదు. దీపాలు చుక్కలు. పొగ ఒక చిన్న చదరం, అక్కడక్కడే పైకి పోయి మళ్లీ కిందికి వచ్చి మళ్లీ పైకి పోతోంది. "ఇగో నీ మూలమీది ఇల్లు," అన్నాడు శాంసన్. "కింద నేను, మీద నువ్వు. ఎక్కడుంటవ్, చెప్పు." తరవాత సిపాయి తలను కిందికి వంచాడు. కోట అడుగున చీకట్లో బురుజు మీది విలుకాడు, ద్వారాల కాపలావాళ్లు, ఏనుగు, ఇప్పటిదాకా చంపినవాళ్లందరూ ఒకరిలో ఒకరు దూరిపోయి, చేతులు బార్లా చాచి, కళ్లు తెరిచి నిలబడి ఉన్నారు. "వీళ్లు సావరు. ఈడ దాస్తరు. మల్ల మొదలువెడితె మల్ల పంపుతరు. నువ్వు గింతసేపు ఎగిరింది వీళ్ల కోసమే."

జీవన్ స్టూలు మీద కూర్చున్నాడు. తరవాత మెల్లగా, బతిమాలుతున్నట్టు అన్నాడు. "నువ్వు రోజు గిదే సూస్తున్నవా మామా? గందుకేనా నీ పానం బాగుంట లేదు?"

అదొక్కటి అనకుండా ఉండాల్సింది. తిట్టి ఉంటే సరిపోయేది. జాలి వచ్చి మొహం మీద పడింది, ఈగ మళ్లీ వాలింది, శాంసన్ కుర్చీ తిప్పి ఆ రోజు మొదటిసారి వాడి కళ్లలోకి చూశాడు.

"నీకెందుకింత ఇష్టమో ఎరికేనా? ఆడలేవు గనుక. నీ వేళ్లు పొయినయి, నీ అదృష్టం. ఉంటే నువ్వు గూడ నా లెక్కనే అయితుండె. ఆ మిషను నీకు మేలు చేసింది రా."

జీవన్ తన ఎడమచేతిని, ఎవరిదో చూసినట్టు, తిప్పి చూసుకున్నాడు. ఆ చూపులో కోపం ఉందా అని శాంసన్ వెతికాడు. వాడు నిజంగానే ఆలోచిస్తున్నాడు, ఆ మాట నిజమో కాదో తూచుకుంటున్నాడు. అప్పుడు స్టూలు ముందుకు లాక్కుని, శాంసన్‌ను మోచేత్తో జరిపి, ఆ చేతిని కీబోర్డు మీద పెట్టాడు. ప్రమాదం తరవాత మొదటిసారి.

"వీన్ని లోపలికి తీస్కపోత," అన్నాడు.

"కాదు. బయటికే తొవ్వ. లోపలికి లేదు."

జీవన్ వినలేదు. చూపుడువేలిని ముందుకు నడిచే మీట మీదికి తెచ్చుకున్నాడు, పక్కకు తిరగాలంటే అదే వేలిని ఎత్తి మళ్లీ పెట్టాలి. సిపాయి బూడిదలో తాగినవాడిలా వంకరటింకరగా నడిచి కోట దాకా వెళ్లాడు. గాలికి తగిలి ఆగిపోయాడు. వెనక్కి వచ్చి మళ్లీ వెళ్లాడు, ఆగిపోయాడు. అటు పక్క, ఇటు పక్క. ఎగిరాడు. ఒకప్పుడు పక్క అరల వాళ్లు లేచొచ్చి చూసిన చెయ్యి అది. శాంసన్ చేతులు కట్టుకుని చూశాడు. ఎక్కడ తప్పుతున్నాడో, వేలు ఎంత ఆలస్యంగా పడుతోందో అన్నీ తెలుస్తున్నాయి, ఇంకేమీ తెలియడం లేదు. కొంతసేపటికి జీవన్ చెయ్యి తీసేశాడు, ముక్కు చీదుకున్నాడు, స్టూలును ఎప్పటిలాగే గోడ వారకు జరిపిపెట్టాడు.

"పోతున్న మామా. పానం మంచిగ సూస్కో," అని బయటికి వెళ్లాడు.

వంటింటి గుమ్మం దగ్గర అమ్మ గొంతు. "అయ్యో, అప్పుడే పోతున్నవా జీవన్? అన్నమైంది, తిని పో బిడ్డా."

"లేదమ్మా, డ్యూటీ ఉన్నది. ఆట అయిపొయింది. గెలిచినం."

గేటు కిర్రుమంది.

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. "గెలిచిన్రట గదా," అంది మురిపెంగా. శాంసన్ తల ఊపాడు. కంచం తెచ్చి చేతికిచ్చింది. అన్నం మీద కూర పొగలు కక్కుతోంది. ఒక ముద్ద తిన్నాడు. ఆకలి పుట్టింది, ముద్ద మీద ముద్ద ఆగకుండా తిన్నాడు, ఎముక కొరికి లోపలి మూలుగ కూడా జుర్రుకున్నాడు. అమ్మ గుమ్మం పట్టుకుని చూస్తూ నిలబడింది, ఆమె కళ్లు తడిశాయి. "దేవునికి స్తోత్రం. ఎన్ని దినాలైంది బిడ్డా నువ్విట్ల తినక," అంది. జీవన్ కోసం గిన్నెలో విడిగా తీసిపెట్టిన ముక్కలు తెచ్చి కంచంలో వంపింది.

"ఇంకింత అన్నం పెట్టు," అన్నాడు శాంసన్.